అగాడీ, పిచాడీ విప్పిన తరువాత: గుర్రాల మంద కూర్పు, యాజమాన్యం

గుర్రాన్ని కట్టివేసే పద్ధతికి మన దేశంలో తరతరాలుగా స్థిరపడిన పేర్లు అగాడీ, పిచాడీ. తలకట్టు నుండి ఇరుప్రక్కలకు లాగి గూటాలకు కట్టే తాళ్లు అగాడీ. వెనుక కాళ్లకు తగిలించి వెనుకనున్న గూటానికి బిగించే తాడు పిచాడీ. సైనిక శిబిరాలలో, సంస్థానాల గుర్రపుశాలలలో వందలాది గుర్రాలను వరుసగా నిలబెట్టడానికి ఈ పద్ధతి పనికివచ్చింది. ప్రక్క గుర్రాన్ని కరవకుండా ముందు తాడు, తన్నకుండా వెనుక తాడు ఆపుతాయి. నేటికీ పెళ్లి ఊరేగింపుల గుర్రాలను, సముద్రతీరంలో సవారీకి తిప్పే గుర్రాలను పోషించేవారిలో అనేకులు ఈ కట్టునే అనుసరిస్తున్నారు.

ఈ కట్టు వలన దెబ్బలు తగ్గిన మాట నిజమే. కాని రెండు బారల దూరంలో నిలిచిన తోటి గుర్రాన్ని చూడగలిగి, దాని వాసన పసిగట్టగలిగి, దగ్గరకు మాత్రం పోలేని స్థితిలో ఆ జంతువు ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షను అసమంజసంగా పొట్టియైన లేదా బరువైన తాడుతో అసమంజసమైన కాలం పశువును కట్టివేయడాన్ని నేరంగా పరిగణించింది. కట్టు విప్పమని పోషకునికి చెప్పడం సులభం. విప్పిన తరువాత ఏ గుర్రాన్ని దేనితో వదలాలి, ఎంత చోటులో వదలాలి, మొదటి గంటలో ఏమి జరుగుతుంది, ఎప్పుడు జోక్యం చేసుకోవాలి అన్న ప్రశ్నలకు విస్తరణ శాస్త్రవేత్త వద్ద సమాధానం ఉండాలి. లేనిచో ఒక గుర్రం కాలు విరిగిన మరుసటి దినమే తాళ్లు తిరిగి వస్తాయి. వెనుక కాలి తన్నుకు పొడుగు ఎముక విరిగిన పెద్ద గుర్రాన్ని బ్రతికించుకోవడం చాలా సందర్భాలలో సాధ్యం కాదు కనుక పోషకుని భయాన్ని తేలికగా కొట్టివేయరాదు.

ఇరువదవ అఖిల భారత పశుగణన (2019) ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీల సంఖ్య సుమారు 3.4 లక్షలు. 2012 గణనతో పోలిస్తే ఇది 45 శాతానికి మించిన తగ్గుదల. సంఖ్య తగ్గినకొద్దీ ఒంటరిగా బ్రతికే గుర్రాల నిష్పత్తి పెరగడం సహజం. ఊరికి పది గుర్రాలు ఉన్న కాలంలో పోషకుడు ప్రత్యేకించి ఏర్పాటు చేయకపోయినా సాంగత్యం దొరికేది. ఇప్పుడు దానిని ఏర్పాటు చేయవలసి వస్తున్నది.

మంద సహజ స్వరూపం

మానవ ప్రమేయం లేకుండా వదిలిన గుర్రాలు ఏ రీతిగా గుంపుకడతాయో తెలిసికొనడానికి ఫ్రాన్సులోని రోన్ నది డెల్టాలో, కమార్గ్ ప్రాంతాన జరిగిన పరిశీలనలు మేలైన ఆధారం. అక్కడి టూర్ ద్యు వాలా పరిశోధన కేంద్రంలో 1974లో 14 గుర్రాలను చిత్తడి పచ్చికబయళ్లలో వదిలి, పెంపకంలో జోక్యం చేసుకొనక, ప్రతి గుర్రాన్నీ విడివిడిగా గుర్తిస్తూ ఏళ్ల తరబడి గమనించారు. సంఖ్య అనేక రెట్లు పెరిగింది. శతాబ్దాల మచ్చిక తరువాత కూడా ఆ గుర్రాలు అడవి గుర్రాల వలెనే కుటుంబాలుగా విడిపోయాయి.

గుర్రపు కుటుంబంలో సాధారణంగా ఒక మగ గుర్రం, కొన్ని ఆడ గుర్రాలు, వాటి పిల్లలు ఉంటాయి. కొన్ని కుటుంబాలలో రెండు మగ గుర్రాలు పొత్తుగా ఉండడం కమార్గ్‌లోనే నమోదైంది. ఒంటరిగా ఆడ గుర్రాలను నిలుపుకొనలేని తక్కువ స్థాయి మగ గుర్రాలు జతకట్టి ఆ పని సాధిస్తాయి. పిల్లలు ఆడవైనా మగవైనా రెండు, మూడేళ్ల ప్రాయంలో పుట్టిన కుటుంబాన్ని విడిచిపోతాయి. మగ పిల్లలు బ్రహ్మచారి గుంపులలో చేరి, ఆటగా పోట్లాడుకుంటూ కొన్నేళ్లు గడుపుతాయి. పెద్ద ఆడ గుర్రాల మధ్య సాంగత్యం మాత్రం ఏళ్లకేళ్లు నిలుస్తుంది. మగ గుర్రం మారినా ఆడ గుర్రాలు కలిసే ఉండడం అరుదు కాదు. మందకు అసలు కట్టుబాటు ఆడ గుర్రాల స్నేహమేనని చెప్పవచ్చు.

మన క్షేత్రాలలో దీనికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతి కనబడుతుంది. ఈడు, లింగం, పని, కొనుగోలు తేదీ, ఒక్కొక్కప్పుడు రంగు కూడా గుంపును నిర్ణయిస్తాయి. సంతలో కొన్న మూడు గుర్రాలను మూడు చోట్ల నుండి తెచ్చి ఒకే దొడ్డిలో వదలితే అది మంద కాదు. ఒకరినొకరు ఎరుగని మూడు జంతువుల కూడలి మాత్రమే.

పెత్తనం అంటే ఏమిటి?

కొత్త గేదెను పాత గేదెల మధ్య కట్టినపుడు కొమ్ముల కుమ్ములాట జరిగి, రెండు మూడు దినాలలో ఒక వరుస ఏర్పడడం పశుపోషకులందరికీ అనుభవమే. గుర్రాలలోనూ వరుస ఏర్పడుతుంది. అయితే దానిని శారీరక బలంతో ముడిపెట్టడం తరచు జరిగే పొరపాటు. ఈడు, మందలో గడిపిన కాలం అనే రెండు అంశాలు ఎత్తు, బరువుల కంటె ఎక్కువగా స్థానాన్ని నిర్ణయిస్తాయి. పద్ధెనిమిదేళ్ల బక్కపలుచని ఆడ గుర్రం చెవులు వెనుకకు వాల్చి ఒక్క అడుగు వేసినంతనే బలిష్ఠమైన నాలుగేళ్ల గుర్రం గాడి విడిచి తొలగిపోవడం ఏ మందలోనైనా చూడవచ్చు.

పెత్తనం ఒక గుర్రపు స్వభావం కాదు; రెండు గుర్రాల మధ్య సంబంధం. ఒక మందలో అన్నిటికంటె క్రిందనున్న గుర్రం వేరొక మందలో పైకి రావచ్చు. వరుస ఎల్లప్పుడూ నిచ్చెన వలె తిన్నగా ఉండదు. మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని తొలగించగా, ఆ మూడవది మొదటిదానిని తొలగించే త్రికోణాలు కూడా కనబడతాయి. మందకు ఒక ‘నాయకురాలు’ ఉంటుందనీ, దానిని వశపరచుకుంటే తక్కినవన్నీ లోబడతాయనీ శిక్షకులలో ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి క్షేత్ర పరిశీలనలు బలం చేకూర్చలేదు. నీటికి గాని, కొత్త మేతకు గాని మంద కదిలేటప్పుడు మొదటి అడుగు వేసేది ఏ పెద్ద గుర్రమైనా కావచ్చు. ఒకే గుర్రం ప్రతిసారీ దారి తీయదు.

స్థిరపడిన మందలో పెత్తనం పోట్లాటను పెంచదు, తగ్గిస్తుంది. ఎవరికి ఎవరు దారి ఇవ్వాలో తెలిసిన తరువాత చెవులు వాల్చడం, తల విసరడం, వెనుక భాగాన్ని అటు త్రిప్పడం వంటి సంజ్ఞలతోనే వ్యవహారం ముగుస్తుంది. పళ్లు, డెక్కలు తగిలే దాకా పోవడం అరుదు. కనుక మందలో బెదిరింపులు కనబడినంత మాత్రాన ఆందోళన చెందవలసిన పనిలేదు. బెదిరింపుకు లోబడిన గుర్రం తప్పుకొనడానికి చోటు ఉన్నదా, లేదా అన్నదే అసలు ప్రశ్న.

చోటు లెక్కకు ఒక ఆధారం ఉంది. జర్మనీ పరిశోధకులు అనేక గుర్రపు గుంపులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తలకు లభించే స్థలం పెరిగినకొద్దీ దూకుడు తగ్గుతూ వచ్చి, గుర్రానికి సుమారు 330 చదరపు మీటర్లు దాటేసరికి దాదాపు కనుమరుగైంది. మన కొలతలలో ఇది రమారమి ఎనిమిది సెంట్లు. పది గుర్రాల మందకు ఎకరంలో ఎనభై సెంట్ల పైచిలుకు. నగర శివార్లలోని గుర్రపుశాలలకు ఇది అందని లెక్కే. అంత చోటు లేనిచోట ఉన్న చోటు ఆకారంపై శ్రద్ధ పెట్టాలి. లోతైన మూలలు, ఒకే ఇరుకు ద్వారం గల పాకలు, గోడకూ తొట్టికీ మధ్యనున్న సందులు ప్రమాద స్థలాలు. క్రింది స్థాయి గుర్రం అక్కడ చిక్కుకుంటే పారిపోలేక ఎదురు తన్నుతుంది. మూలలను అడ్డు కర్రలతో గుండ్రంగా మూసివేయడం, పాకకు రెండు ద్వారాలు ఉంచడం పెద్ద ఖర్చు లేని మార్పులు. ముళ్ల తీగ కంచె గుర్రాలకు ఎట్టి పరిస్థితిలోనూ తగదు.

గాడి వద్ద తగవు

పోట్లాటలు అధికంగా దాణా వేళ జరుగుతాయి. దానికి కారణం గుర్రం స్వభావం కాదు, మేపే పద్ధతి. స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో పన్నెండు నుండి పదహారు గంటలు మేస్తుంది. పచ్చిక బయలులో మేత అంతటా పరచుకొని ఉంటుంది గనుక దానికై తగవుపడవలసిన అవసరం ఉండదు. క్షేత్రంలో ఉదయం, సాయంత్రం రెండు పూటలు ఉలవలు, తవుడు కలిపిన దాణాను వరుస తొట్లలో పోస్తే, పదహారు గంటల పని అరగంటకు కుదించుకుపోతుంది. విలువైన మేత ఒకేచోట, కొద్దిసేపు మాత్రమే దొరుకుతుందని గ్రహించిన గుర్రం దానిని కాపాడుకొనడానికి పోట్లాడుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. మందలో క్రింది స్థానంలో ఉన్న గుర్రానికి రెండు కళ్లూ ఉండి కూడా దాణా దక్కకపోవచ్చు.

ఇందుకు విరుగుడు ఎండుమేతతో మొదలవుతుంది. శరీర బరువులో 1.5 నుండి 2 శాతం పొడి పదార్థం గడ్డి రూపంలో అందేలా చూసి, దానిని రోజులో ఎక్కువ భాగం అందుబాటులో ఉంచాలి. గడ్డి కుప్పల సంఖ్య గుర్రాల సంఖ్య కంటె ఒకటి రెండు ఎక్కువ ఉండాలి. ఎనిమిది గుర్రాలకు పది కుప్పలు వేసి, కుప్పకూ కుప్పకూ మధ్య రెండు మూడు గుర్రాల పొడవు దూరం ఉంచితే, ఒక కుప్ప వద్ద నుండి తరిమివేయబడిన గుర్రం మరొకదాని వద్దకు పోగలుగుతుంది. దాణాను మాత్రం మందలో పోయరాదు. మూతికి కట్టే సంచులలో గాని, విడివిడి అరలలో గాని పెట్టి, అన్నీ ముగించిన తరువాతనే కలిపి వదలాలి. చివరిగా తినే గుర్రానికి ఆ వ్యవధి ఇవ్వకపోతే ఏర్పాటు వ్యర్థం. నీటి తొట్టి కూడా ఇటువంటిదే. వేసవిలో ఒకే తొట్టి ఉన్నచోట పై స్థాయి గుర్రం తాగి అక్కడే నీడకు నిలబడిపోతుంది. రెండవ తొట్టిని దూరంగా ఏర్పాటు చేయాలి.

కొత్త గుర్రం రాక

మందలో అతి ప్రమాదకరమైన ఘట్టం కొత్త గుర్రం ప్రవేశం. ఇందులో ప్రవర్తన కంటె ముందు ఆరోగ్యం. కొన్న గుర్రాన్ని కనీసం మూడు వారాలు వేరుగా, వేరు తొట్టితో, వేరు బ్రష్షులతో ఉంచాలి. దవడ క్రింది గ్రంథులు వాచి చీముపట్టే స్ట్రాంగిల్స్, వేగంగా వ్యాపించే గుర్రపు ఇన్‌ఫ్లుయెంజా ఈ వ్యవధిలో సాధారణంగా బయటపడతాయి. 2008లో జమ్మూ ప్రాంతాన మొదలైన ఇన్‌ఫ్లుయెంజా అనేక రాష్ట్రాలకు పాకిన ఉదంతం విద్యార్థులకు తెలిసినదే. గ్లాండర్స్ విషయం మరింత తీవ్రమైనది. అది మనిషికీ సోకుతుంది. 2009 నాటి పశువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం క్రింద తప్పక నివేదించవలసిన వ్యాధి. నిర్ధారణ అయిన జంతువును వధించవలసిందే. హిస్సారులోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీనికి నిర్ధారణ పరీక్షలు చేస్తుంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ముక్కుకు ముక్కు తగలనీయరాదు.

వ్యాధి భయం తీరిన తరువాత పరిచయం దశలవారీగా సాగాలి. స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో ఒకదానినొకటి ఎరుగని గుర్రాలను మొదట ప్రక్కప్రక్క అరలలో కొద్దిసేపు ఉంచి, ఆ తరువాత ఆరుబయట కలిపారు. నేరుగా కలిపిన జంటలతో పోల్చినపుడు శారీరక దాడులు, ముఖ్యంగా కరవడం, తగ్గే ధోరణి కనబడింది. కొద్ది నిమిషాల పరిచయానికే ఈ ఫలితం ఉంటే, కొన్ని దినాల పొరుగు మరింత మేలు చేస్తుందని ఆశించవచ్చు. మధ్యనున్న అడ్డు దృఢంగా, కాలు ఇరుక్కొనని రీతిగా ఉండాలి. ముక్కులు కలిపి వాసన చూసుకొనడం, కీచుమని అరవడం, ముందుకాలితో నేలను గాని గాలిని గాని కొట్టడం ఈ దశలో సహజం. ఆ కేకలు విని భయపడి గుర్రాన్ని లాగివేయరాదు. లాగితే పరిచయం సగంలో ఆగి, మరుసటి దినం మళ్లీ మొదటి నుండి ఆరంభం కావలసి వస్తుంది.

తరువాతి దశలో కొత్త గుర్రానికి మందలోని ఒక్క నెమ్మదైన గుర్రాన్ని తోడు ఇవ్వాలి. రెండూ ప్రక్కప్రక్కన మేయడం మొదలుపెట్టిన తరువాతనే తక్కిన మందను కలపాలి. మొత్తం మందను కలిపే దినాన పాత మందకు కూడా అలవాటు లేని దొడ్డిని ఎన్నుకొనడం మంచిది. పాత దొడ్డిలో ప్రతి మూలా పాతవారికి తెలుసు. కొత్తదానికి కంచె ఎక్కడున్నదో కూడా తెలియదు. వెనుక కాళ్ల లాడాలు ముందుగా ఊడదీయించాలి. లాడం లేని డెక్క దెబ్బకూ, ఇనుప లాడం దెబ్బకూ ఉన్న తేడా చిన్నది కాదు. తలకట్టులు తీసివేయాలి, లేదా చిక్కుకుంటే తెగిపోయే రకం వాడాలి. గడ్డి కుప్పలు ముందే పరచి ఉంచాలి. ఉదయం వేళ, ఇద్దరు మనుషులు కంచె బయట నిలిచి, సాయంత్రం దాకా చూడగలిగిన దినమే ఈ పని చేయాలి. సిబ్బంది తక్కువగా ఉండే సెలవు దినాన, చీకటి పడే వేళ, సంత నుండి బండి దిగిన వెంటనే గుర్రాన్ని మందలోకి తోలడమే అనేక గాయాలకు మూలం.

మొదటి గంటలో వెంటాడడం, అరుపులు, కొన్ని ఉత్తుత్తి తన్నులు తప్పవు. సాధారణంగా కొద్ది గంటలలో తీవ్రత తగ్గి, కొన్ని దినాలలో వరుస స్థిరపడుతుంది. ఒకే గుర్రం కొత్తదానిని ఆపకుండా తరుముతూ మేయనీయకపోతే, బయటికి తీయవలసింది కొత్తదానిని కాదు, తరిమేదానిని. దానిని రెండు మూడు దినాలు ప్రక్క దొడ్డిలో ఉంచితే ఆలోగా కొత్తది తక్కినవాటితో చెలిమి చేసికొంటుంది. క్షేత్రాలలో ఆచరణ దీనికి తలక్రిందులుగా ఉన్నది. దెబ్బలు తిన్నదానినే వేరుచేసి, ప్రతిసారీ దానిని కొత్తదిగానే తిరిగి మందలోకి పంపుతున్నారు.

నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాలలో గుంపులుగా ఉంచిన గుర్రాలపై జరిగిన విస్తృత పరిశీలనలో నమోదైన గాయాలలో అత్యధిక భాగం వెంట్రుకలు ఊడడం, చర్మం గీసుకుపోవడం వంటి స్వల్ప గాయాలే. ఆడ, మగ గుర్రాలను వేరుచేసినందువలన చెప్పుకోదగిన లాభమూ కనబడలేదు. అయితే అక్కడి మగ గుర్రాలలో అధికభాగం విత్తు కొట్టించినవని మరువరాదు.

మగ గుర్రాల సంగతి

విత్తనపు గుర్రాన్ని ఒంటరిగానే ఉంచాలన్నది ప్రపంచమంతటా పాతుకుపోయిన నమ్మకం. స్విట్జర్లాండ్‌లోని అవాంష్ జాతీయ అశ్వశాలలో పరిశోధకులు దీనిని పరీక్షకు పెట్టారు. ఫ్రాంష్-మోంతాన్య్ జాతికి చెందిన పెంపక మగ గుర్రాలను, సంతానోత్పత్తి ఋతువు లేని కాలంలో, ఆడ గుర్రాలు దరిదాపులలో లేని విశాలమైన బయలులో గుంపుగా వదిలారు. మొదట పొరుగు అరలలో పరిచయం చేయించారు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం, తొలి దినాలలో కనబడిన దూకుడు వేగంగా తగ్గిపోయింది. మగ గుర్రాలు పేడను వాసన చూసి దానిపై మళ్లీ పేడ వేయడం, మెడ వంచి ఎదురెదురుగా నిలవడం వంటి లాంఛనాలతో బలాబలాలు తేల్చుకున్నాయి. ప్రకృతిలో బ్రహ్మచారి గుంపు చేసే పనే ఇది.

ఈ ప్రయోగాన్ని మన క్షేత్రాలలో యథాతథంగా అనుకరించడం సాహసమే అవుతుంది. ఆడ గుర్రాలు గాలివాలుకు ఉన్నచోట, చోటు తక్కువ ఉన్నచోట ఫలితం వేరుగా ఉంటుంది. దాని నుండి గ్రహించదగినది మరొకటి ఉంది. అదే దేశంలో మగ గుర్రాల అరల మధ్య గట్టి గోడకు బదులు, తల, మెడ దూర్చగలిగేంత ఎడంతో నిలువు కడ్డీలు అమర్చి, మిగిలిన భాగాన్ని మూసివేసిన ‘సామాజిక అర’లను రూపొందించారు. గుర్రం కోరుకున్నపుడు పొరుగుదానిని తాకవచ్చు, వద్దనుకుంటే మూసిన వైపుకు తొలగవచ్చు. మార్వాడీ, కాఠియావాడీ మగ గుర్రాలను ఒంటరిగా పోషించేవారికి ఇది మందకూ, ఒంటరితనానికీ నడుమనున్న ఆచరణీయ మార్గం. స్విట్జర్లాండ్ జంతు సంరక్షణ నిబంధనలు (2008) ప్రతి గుర్రానికీ మరొక గుర్రాన్ని చూసే, వినే, వాసన పసిగట్టే అవకాశం ఉండాలని, పాలు మరచిన పిల్లలను ముప్పై నెలలు నిండేదాకా లేదా పనిలో పెట్టేదాకా గుంపులోనే ఉంచాలని, గుర్రాలను కట్టివేసి పోషించరాదని శాసించాయి.

పిల్లల పెంపకం

గుర్రపు పిల్లకు గుగ్గిళ్లు తినడం నేర్పాలా అని సామెత ఉన్నది గాని, మందలో మసలుకొనడం మాత్రం పెద్దల మధ్య ఉండి నేర్వవలసిన విద్య. పెద్ద గుర్రం ఎదురైనపుడు పిల్ల మెడ చాచి దవడలు టపటప ఆడిస్తుంది. తాను చిన్నదానినని చెప్పుకొనే సంజ్ఞ అది. ఎప్పుడు తొలగాలి, ఎంతవరకు ఆడుకోవచ్చు అన్న హద్దులు చెవి వాల్చే పెద్ద గుర్రం వద్దనే తెలుస్తాయి. ఒంటరిగా పెరిగిన గుర్రం పెద్దయ్యాక మందలో చేరితే, ఈ సంజ్ఞలు చదవలేక దెబ్బలు తింటుంది, లేదా అకారణంగా కొడుతుంది.

ప్రకృతిలో తల్లి దాదాపు పది నెలలు పాలిస్తుంది. క్షేత్రాలలో నాలుగు నుండి ఆరు నెలలకే, ఒక్క దినంలో, పిల్లను తీసి గదిలో వేయడం పరిపాటి. కొయ్య కరచి గాలి మింగడం, నిలిచిన చోటనే అటూ ఇటూ ఊగడం వంటి దురలవాట్లు ఈ ఘట్టంలో మొలకెత్తే అవకాశం ఎక్కువ. వేరుచేసిన పిల్లల గుంపులో తల్లులు కాని పెద్ద ఆడ గుర్రాలను ఉంచినపుడు పిల్లల అరుపులు, అలజడి తగ్గినట్లు ఫ్రాన్సులో జరిగిన ప్రయోగాలు తెలిపాయి. కనుక పిల్లలను మందలోనే ఉంచి, తల్లులను ఒకటొకటిగా వేరే బయలుకు తరలించడం ఉత్తమం. పాలుడిగిన ముసలి ఆడ గుర్రాన్ని పనికిరానిదని అమ్మివేసే క్షేత్రాలు దాని చేత ఈ పని చేయించుకొనవచ్చు.

చెలిమిని గుర్తించడం

రెండు గుర్రాలు ఎదురుబొదురుగా నిలిచి ఒకదాని మూపును మరొకటి పళ్లతో గోకుకొనడం అందరూ చూసినదే. కమార్గ్ గుర్రాలపై 1993లో ప్రచురితమైన పరిశోధనలో, మూపు ప్రాంతాన గోకినపుడు గుర్రం గుండె వేగం తగ్గడం నమోదైంది. వేరొక చోట గోకితే ఆ తగ్గుదల లేదు. శిక్షణ కాలంలో మెడను చరచే అలవాటు కంటె మూపును గోకడం మేలని దీని నుండి వెంటనే తేలుతుంది. మంద కూర్పుకు ఉపయోగపడే అంశం వేరు. ఏ గుర్రం ఏ గుర్రంతో గోకుడు పంచుకుంటుందో, ఏది ఏదాని ప్రక్కన మేస్తుందో తెలిస్తే, గుంపులను విడదీయవలసి వచ్చినపుడు ఆ జంటలను కలిపి ఉంచవచ్చు.

విద్యార్థులకు ఇది మంచి క్షేత్ర అభ్యాసం. మందను రోజుకు ఒక గంట చొప్పున పది దినాలు గమనించి, ప్రతి పది నిమిషాలకూ ఒకసారి ప్రతి గుర్రానికి అతి సమీపంలో ఉన్న గుర్రం ఏదో వ్రాసుకొంటే చెలిమి పట్టిక తయారవుతుంది. మరొక పట్టికలో, తొలగించిన గుర్రాన్ని అడ్డు వరుసలో, తొలగిన గుర్రాన్ని నిలువు వరుసలో వేసి లెక్కిస్తే పెత్తనం వరుస బయటపడుతుంది. రెండు పట్టికలనూ ప్రక్కన పెట్టి చూసినపుడు, ఏ చెలిమీ లేక, అందరికీ తొలగే గుర్రం ఒకటి తరచు కనబడుతుంది. వైద్యుని దృష్టి మొదట పడవలసింది దానిపైన. హెన్నెకి 1983లో రూపొందించిన 1 నుండి 9 వరకు గల శరీర స్థితి సూచికతో దానిని నెలకొకసారి కొలవాలి. నిద్ర సంగతి కూడా చూడాలి. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గాని, గాఢనిద్రలోని ఒక దశకు పడుకొనక తప్పదు. భద్రత లేదని భావించినపుడు పడుకొనదు. ఈ విధంగా నిద్రకు దూరమైన గుర్రం నిలబడే తూలి ముందుకాళ్ల మీదికి కూలుతుంది. డెక్కకు పైనున్న కీలు ముందు భాగాన మానుతూ మళ్లీ రేగే పుండ్లు ఉంటే, మందులకు ముందు మందను పరిశీలించాలి.

తెలుగు రాష్ట్రాల పరిస్థితులలో

ఇక్కడ గుర్రాలు పెద్ద సంఖ్యలో ఉన్న చోట్లు పందెపు గుర్రపుశాలలు, పోలీసు అశ్వదళాలు, పాముకాటు విషనిరోధక సీరం తయారీకై పోషించే క్షేత్రాలు. పందెపు శాలలలో గుర్రం విలువ దృష్ట్యా గుంపుగా వదలడానికి యజమానులు అంగీకరించరు. అక్కడ అరల మధ్య గోడలలో కిటికీలు తెరవడం వంటి మార్పులే సాధ్యం. అరకు ఎక్కువ వైపులు తెరచి పొరుగు గుర్రం కనబడేలా చేసినపుడు ఊగే అలవాటు తగ్గుతుందని ఇంగ్లండులో తేలింది. చివరకు అరలో అద్దం బిగించినా కొంత ఫలితం కనబడింది. గుర్రానికి సాంగత్యపు ఆకలి ఎంతటిదో ఆ అద్దమే చెబుతుంది.

సీరం క్షేత్రాలలో సమస్య వేరు. రక్త సేకరణ విడతల కోసం గుర్రాలను మంద నుండి తీయడం, విశ్రాంతి తరువాత తిరిగి కలపడం నిరంతరం జరిగే పని. గుంపులను సీరం విడతల ప్రకారమే కూర్చి, ఒకే విడతలో వచ్చే గుర్రాలను ఒకే మందగా ఎల్లకాలం ఉంచితే, ప్రతి విడతకూ మందను చీల్చి తిరిగి కలపవలసిన అవసరం తప్పుతుంది. మందలో ఒకటి చనిపోయినా, పనికి రాకపోయినా దాని స్థానంలో వెంటనే కొత్తదానిని చేర్చక, ఖాళీలు రెండు మూడు అయ్యేదాకా ఆగి, ఒకరినొకరు ఎరిగిన జంటను చేర్చడం నయం. జంటగా వచ్చిన కొత్త గుర్రాలకు కనీసం ఒకదానికొకటి తోడుగా ఉంటాయి.

ఒకే గుర్రాన్ని పెట్టుకొని బ్రతికే బండివానికి, పెళ్లిగుర్రపు యజమానికి మంద ఎక్కడిది? మేక గాని, గాడిద గాని తోడుగా కట్టడం కొన్ని చోట్ల కనబడుతుంది. ఏమీ లేనిదానికంటె అది మేలే గాని, మూపు గోకే పని మేక చేయలేదు. ఒకే వీధిలో ఉండే ఇద్దరు ముగ్గురు యజమానులు ముహూర్తాలు లేని నెలలలో తమ గుర్రాలను ఒకే తోపులో వదలుకొనేలా ఒప్పించడం పశువైద్యునికి సాధ్యమే. ఆషాఢం వంటి శూన్యమాసాలు ఇందుకు అనువైనవి. మూడు వారాల వ్యాధి పరిశీలన, వెనుక లాడాలు తీయించడం, కంచెకు ఇరువైపులా రెండు మూడు దినాల పరిచయం ముగిసేసరికి నెల దగ్గరపడుతుంది గనుక, ఆ ఏర్పాట్లు జ్యేష్ఠంలోనే మొదలుపెట్టాలి.